తువ్వాళ్ల బీరువాలో కొత్తల్లుడు

మా క్లినిక్‌లో తువ్వాళ్ల బీరువా అడుగు అరలో ఒక సర్వరు ఉంది. దాని పేరు కొత్తల్లుడు. పెట్టింది నేనే. దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు, కదిలించకూడదు, దానికి ఉక్కపోయకూడదు. అది అలిగిందంటే ఇల్లంతా పనులు మానుకుని దాని చుట్టూ నిలబడాలి. ఇంతకంటే తగిన పేరు ఎవరైనా చెబితే ఇప్పటికిప్పుడు మార్చేస్తాను.

క్లినిక్ మా వదినది, అంటే మా ఆయన అక్కగారిది. మాట పోయినవాళ్లకీ, మాట తడబడేవాళ్లకీ మాట నేర్పడం ఆవిడ పని. గొంతు ఆపరేషన్‌కి వెళ్లబోయేవాళ్లు కూడా వస్తారు. వాళ్లచేత వదిన ముందుగానే వెయ్యి వాక్యాలు చదివించి రికార్డు చేస్తుంది. వాటి నుంచి ఒక యంత్రం వాళ్ల గొంతును తయారుచేస్తుంది. ఆపరేషన్ అయ్యాక చేతిలో పలకలాంటిదాని మీద టైపు చేస్తే, అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. వెయ్యి వాక్యాలూ అయ్యాక, ఎవరికి వాళ్లు యాభై సొంత మాటలు చెప్పుకోవచ్చు. అవి యంత్రం తయారుచేసేవి కావు. ఎలా చెబితే అలాగే, ఊపిరితో సహా ఉండిపోతాయి. మీట నొక్కితే వినిపిస్తాయి. ఈ రికార్డులన్నీ దాచేది కొత్తల్లుడి కడుపులోనే.

నేను అక్కడ రిసెప్షన్. ఫోన్లు ఎత్తుతాను, వరస తప్పి లోపలికి దూరేవాళ్ల మీద అరుస్తాను, తువ్వాళ్లు ఉతికిస్తాను, కొత్తల్లుణ్ణి చూసుకుంటాను. ఈ ఆఖరిది నా తమ్ముడి పుణ్యం. మూడేళ్ల క్రితం వాడు ఒక పాత కంప్యూటర్ మోసుకొచ్చి, దాంట్లో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పేషెంట్లు ఇంటి నుంచి కూడా రికార్డు చేసి పంపేలా ఏర్పాటు చేశాడు. మూడు రోజులు నా చేతి కాఫీ తాగాడు. తర్వాత ఉద్యోగం మారి వేరే ఊరు పోయాడు. పోతూ పోతూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. లోపలికి ఎలా వెళ్లాలి, అప్‌డేట్ ఎలా చేయాలి. అంతే, రెండే ముక్కలు.

మొదటి నెలలో బుద్ధిగా అప్‌డేట్ చేశాను. ఆ మర్నాడు ప్రింటర్ మూగబోయింది. రెండు రోజులు వదిన నా మొహం చూసినప్పుడల్లా నిట్టూర్చింది. దాంతో ఒళ్లు మండి, కొత్తల్లుడి నెత్తిన ఎర్ర అక్షరాలతో ఒక చీటీ అంటించాను. “నడుస్తోంది. ముట్టుకోవద్దు.”

అప్పటి నుంచి మూడేళ్లు ముట్టుకోలేదు. పొద్దున్నే రికార్డుల జాబితా చూడ్డానికి లోపలికి వెళ్లినప్పుడల్లా పైన ఒక వరస కనిపించేది. నలభై రెండు అప్‌డేట్లు ఉన్నాయి అని. తర్వాత నూట పది. తర్వాత మూడు వందల పన్నెండు. దాన్ని నేను పలకరింపు అనుకున్నాను. వాకిట్లో ఎదురైనవాళ్లు “బాగున్నారా” అంటే మనం ఆగి ఆరోగ్యం సంగతులు చెబుతామా? ఇదీ అంతే అనుకున్నాను. పైగా, వెయ్యి రోజులుగా ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోందని వచ్చినవాళ్లకి గొప్పగా చెప్పేదాన్ని. తమ్ముడు ఫోన్ చేసి “అక్కా, అప్‌డేట్లు చేస్తున్నావా?” అంటే “ఆఁ ఆఁ” అనేదాన్ని. ఆ “ఆఁ ఆఁ”లో ఎంత పాపం ఉందో తర్వాత తెలిసింది.

ఆ సోమవారం పొద్దున ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ యంత్రం రాత్రింబవళ్లు ఊరి యంత్రాల తలుపులన్నీ తడుతోంది, దొంగతనంగా లోపలికి దూరాలని చూస్తోంది, రెండు రోజుల్లో ఆపకపోతే మీ లైను కోసేస్తాం అని దాని సారాంశం. నేను రెండుసార్లు చదివాను. మూడోసారి నించుని చదివాను.

“మా కొత్తల్లుడా?” అన్నాను పైకే. “వాడు బీరువా దాటి రాడే!”

తమ్ముడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. వాగుడుకాయ ఒక్క జోకు కూడా వెయ్యకపోతే నాకు భయం.

“అక్కా, ముందు దాని వెనకాల నీలం వైరు పీకెయ్.”

“స్విచ్ కట్టెయ్యనా?”

“వద్దొద్దు. వైరు ఒక్కటే. అది బయటికి పోకుండా, బయటోళ్లు దాంట్లోకి రాకుండా. పీకావా?”

తువ్వాళ్ల మధ్యలోంచి చెయ్యి దూర్చి పీకాను. తర్వాత దానికే నేరుగా కీబోర్డు, తెర తగిలించమన్నాడు. ఈ మధ్య ఎవరెవరు లోపలికి వచ్చారో చూపించే మాట ఒకటి టైపు చేయించి, పైనుంచి చదవమన్నాడు.

“నేను. నేను. నేను. టెస్ట్. టెస్ట్. మళ్లీ టెస్ట్. ఒరేయ్, ఎవర్రా ఈ టెస్టు? రోజుకి నలభైసార్లు వచ్చాడు!”

అటు నుంచి వాడు గొంతు సవరించుకున్నాడు.

“చెప్పి చావరా!”

“అక్కా, అది నేనే పెట్టానే. మైకు బిగించిన రోజు. మన క్లినిక్‌లో మైకు ముందు ఎవరు కూర్చున్నా మొదట టెస్ట్ టెస్ట్ అనే కదా అంటారు. ఆ ఊపులో పేరు టెస్ట్ అని, పాస్‌వర్డ్ కూడా టెస్ట్ అని పెట్టేశా. పనయ్యాక తీసేద్దామనుకున్నా. మర్చిపోయా.”

లోకంలో దొంగలందరూ మొదట ప్రయత్నించేది ఆ మాటేనట. ఇన్నాళ్లూ దొరక్కపోవడమే విచిత్రమట. నాకు కోపం నషాళానికి అంటింది. నోటికొచ్చింది అన్నాను. అంతా విని వాడు మెల్లగా అన్నాడు.

“తప్పు నాదే అక్కా. కానీ ఆ టెస్టుగాడికి వరండా వరకే తాళం ఉంది. వరండాలోంచి ఇంట్లోకి పోవడానికి ఒక పాత కంత ఉందిలే, అందులోంచి దూరి యజమాని అయి కూర్చున్నాడు. ఆ కంత మూసే అప్‌డేట్ రెండేళ్ల కిందటే వచ్చింది.”

మూడు వందల పన్నెండింటిలో ఒకటి అదన్నమాట. రోజూ పొద్దున్నే నా కళ్ల ముందే నించుంది.

“సరే, ఏం చెయ్యాలో చెప్పు.”

“వాడు ఎక్కడెక్కడ ఏం దాచాడో మనకి తెలీదు. ఆ యంత్రాన్ని ఇంక నమ్మకూడదు. రికార్డులు మాత్రం బయట డిస్కులోకి తీసుకుని, మిగతాదంతా తుడిచేసి, మొదటి నుంచి కొత్తగా ఎక్కించాలి. రికార్డులకి బ్యాకప్ ఉందిగా?”

“నువ్వు పెట్టావుగా?”

“నేను పెట్టింది అదే యంత్రంలో ఇంకో మూలకి అక్కా. వేరే డిస్కు కొని తగిలించమని కాగితం వెనకాల రాశాగా!”

కాగితానికి వెనకవైపు కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు.

ఆ పూట నేను భయపడింది ఎవరి కోసమో చెప్పాలి. అప్పుడు మా దగ్గర రికార్డింగు చేసుకుంటున్నది ఒక్కావిడే. మేం ఆవిణ్ణి అనౌన్సరమ్మ అంటాం. ఇరవై ఆరేళ్లు రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పిన గొంతు ఆవిడది. ఊళ్లో ఆ గొంతు విని పరిగెత్తనివాడు లేడు. ఇప్పుడు ఆ గొంతులోనే పుండు లేచింది. గురువారం ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. మూడు నెలల క్రితం మొదలుపెట్టినప్పుడు గంటలా మోగిన గొంతు, వారం వారం తగ్గుతూ, ఇప్పుడు బొంగురుపోయి, నాలుగు మాటలకే ఆయాసమొచ్చే స్థితికి వచ్చింది. అంటే కొత్తల్లుడి కడుపులో ఉన్నవి మళ్లీ చెప్పించుకోగలిగే మాటలు కావు.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆవిడ లోపల రికార్డు చేస్తుంటే నా బల్ల ముందు కూర్చుని గోడ గడియారం వంక అనుమానంగా చూసేవాడు. ఒకరోజు అడగకుండానే కుర్చీ ఎక్కి దాన్ని సరిచేశాడు కూడా. పోయిన వారం అనౌన్సరమ్మ సొంత మాటలు చెప్పుకుంది. అందరూ మనవలకి దీవెనలు, దేవుడికి దండాలు చెబుతారు. ఈవిడ యాభైకి యాభై మొగుడికి తిట్లు రికార్డు చేసింది. నాకు జాబితా చూపించి కళ్లెగరేసింది. మొదటిది, “తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” రెండోది, “ఊరందరి గడియారాలూ చూస్తావు, అన్నానికి టైమైతే మాత్రం తెలీదు.” అలా యాభై. ఎందుకమ్మా ఇవి అంటే, బొంగురు గొంతుతో ఒకటే మాట చెప్పింది. “ప్రేమగా మాట్లాడితే ఆయనకి అనుమానం వస్తుంది.”

మధ్యాహ్నం బయట డిస్కు తెప్పించి రికార్డులు దాంట్లోకి ఎక్కించాను. ప్రోగ్రాములు ఒక్కటీ ముట్టుకోవద్దు, గొంతులు మాత్రమే తియ్యి అని తమ్ముడు ఫోన్లోనే కాపలా కాశాడు. అయిపోయాక హమ్మయ్య అనుకున్నాను.

“ఒక్కోదాని సైజు ఎంత చూపిస్తోందో కిందివరకూ చూడు” అన్నాడు.

చూశాను. పైనుంచి తొమ్మిది వందల పది వరకు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత అన్నింటి ఎదురుగా సున్నా. పేరుంది, లోపల ఏమీ లేదు. సున్నా, సున్నా, సున్నా. నేను తెర మీద వేలు పెట్టి కిందికి లాగుతూనే ఉన్నాను, ఎక్కడో ఒకచోట అంకె వస్తుందని.

పదకొండు రోజుల క్రితం ఆ దొంగ తన సరుకుతో డిస్కంతా నింపేశాడట. నిండిపోయాక వచ్చిన రికార్డులకి చోటు లేదు. మా పేజీలో మాత్రం “పంపబడింది” అని పచ్చగా వస్తూనే ఉంది. పచ్చగా ఉందిగా అని నేను టిక్కులు కొట్టుకుంటూ పోయాను. ఒక్కటంటే ఒక్కటి తెరిచి వినలేదు. ఆఖరి తొంభై వాక్యాలు పోయాయి. యాభై సొంత మాటలూ పోయాయి.

వదినకి చెబితే కుర్చీలో కూలబడింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “వెయ్యిలో తొంభై పోతే ఫర్వాలేదు. తొమ్మిది వందల పదితో గొంతు తయారవుతుంది. టైపు చేస్తే ఆ తిట్లు కూడా యంత్రం పలుకుతుంది” అంది. ఆగి, “పలుకుతుంది. తిట్టదు” అంది. యంత్రానికి కోపం రాదు. స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పినట్టే తడి తువ్వాలు గురించీ చెబుతుంది.

“రేపు వాళ్లొస్తే నేను చెబుతాలే. నువ్వు లోపల ఉండు” అంది వదిన.

“వద్దు వదినా. నేనే చెబుతాను.”

అనడానికైతే అన్నాను. మంగళవారం పొద్దున వాళ్లిద్దరూ మెట్లెక్కుతున్న చప్పుడుకే వదిన గది వైపు రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చాను. అనౌన్సరమ్మ మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. చేతిలో చిన్న నోటు పుస్తకం. డాక్టర్లు మాట్లాడొద్దన్నారని అందులో రాసి చూపిస్తోంది. కూర్చోబెట్టి, నేను ఎదురుగా నించుని చెప్పాను. దొంగ వచ్చాడని మొదలుపెట్టబోయి మానేశాను. దొంగ సంగతి తర్వాత.

“అమ్మా, తప్పు నాది. కొత్తల్లుడికి అప్‌డేట్లు చెయ్యమంటే మూడేళ్లుగా చెయ్యలేదు. మీ ఆఖరి రికార్డులు పోయాయి. సొంత మాటలు ఒక్కటీ లేవు.”

ఆవిడ నా వంకే చూసింది. గడియారాలాయన ముందుకి వంగాడు. “సొంత మాటలా? అంటే ఏవి?” అన్నాడు. ఆయనకి తెలీదు కదా. ఆవిడ గబుక్కున నోటు పుస్తకంలో రాసి నాకు మాత్రమే కనిపించేలా తిప్పింది. “చెప్పకు.”

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆవిడ అరిచినా బాగుండేది. ఇరవై ఆరేళ్లు ఊరిని అదిలించిన మనిషి, ఒక్కసారి నన్ను కూడా అదిలిస్తే తేలిగ్గా ఉండేది. బల్ల వెనక్కి పోయి మొహం తువ్వాలుతో అదుముకుని, “ఒక్క మాట తిట్టలేదు వదినా, ఒక్క మాట” అంటూ వెక్కిళ్లు పెట్టాను. తలుపు తెరిచే ఉంది. వినిపిస్తుందని ఆలోచించే స్థితిలో లేను.

వదిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. ఆపరేషన్‌కి ముందు గొంతుకి విశ్రాంతి కావాలి, రేపు ఒక్క అరగంట, ఇరవై చిన్న మాటలు, అంతకుమించి ఒక్కటి ఎక్కువైనా ఒప్పుకోనన్నాడట. అనౌన్సరమ్మ తన పాత జాబితా అడిగి పుచ్చుకుంది. అక్కడే కూర్చుని ఒక్కొక్క తిట్టూ కొట్టేయడం మొదలుపెట్టింది. ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి. కొన్నింటి దగ్గర పెన్ను ఆగి, మళ్లీ కదిలేది. చూడలేక ఫోన్ మోగకపోయినా ఎత్తి “హలో” అన్నాను.

బుధవారం వదినా అనౌన్సరమ్మా రికార్డింగు గదిలో ఉండగా, నేను బయట కొత్తల్లుణ్ణి కడిగిపారేశాను. పాతదంతా తుడిచి కొత్త లినక్స్ ఎక్కించాను. దానికి కావలసిన తెర వదిన గదిలో ఉండిపోతే, వెయిటింగు హాల్లో టీవీకే తగిలించాను. వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ నల్లతెర మీద పరిగెత్తే తెల్ల అక్షరాలు కాసేపు చూసి, “ఇదేం సీరియలమ్మా? ఒక్క మనిషీ కనపడడు” అంది.

“దొంగల కథ పెద్దమ్మా. మనుషులు కనపడరు” అన్నాను.

తమ్ముడు ఫోన్లో ఒక్కో మెట్టూ చెప్పాడు. ముందు అప్‌డేట్లన్నీ. కంతలు మూసే అప్‌డేట్లు వాటంతటవే రోజూ, మిగతావి సోమవారం సోమవారం నా చేతుల మీదుగా పడేలా ఏర్పాటు. రోజువారీ పనికి మామూలు పేరు ఒకటి, యజమాని పేరుతో బయటి నుంచి ఎవరూ లోపలికి రాకుండా అడ్డం. పాస్‌వర్డ్ బదులు తాళంచెవి ఫైలు ఒకటి నా కంప్యూటర్లో. అక్కర్లేని పేర్లు ఏమైనా ఉన్నాయేమో వెతకడం. టెస్ట్ అనే మాట మళ్లీ వాడితే చెవులు మెలేస్తానని వాడికి చెప్పాను. “మెలెయ్యి” అన్నాడు బుద్ధిగా.

అన్నీ అయ్యాక నా బల్ల మీద కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లి, ఇంక ఫైర్‌వాల్ ఒక్కటే మిగిలింది కదా అని, వాడు ఏదో చెబుతుండగానే మొదలుపెట్టేశాను. ఫైర్‌వాల్ అంటే ఏ తలుపులోంచి ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా. నొక్కాను. తెర బిగుసుకుపోయింది.

“ఒరేయ్, కదలట్లేదు.”

“ముందు నీ తలుపు తెరిచి ఉంచమని చెప్పి, ఆ తర్వాత కదా కాపలా పెట్టాలి! తెరిచావా?”

“లేదు.”

“అయితే నిన్ను కూడా బయటికి గెంటేశాడు.”

హాల్లో అందరూ నా వంకే చూస్తున్నారు. మూడేళ్లు దొంగకి బార్లా తెరిచిపెట్టి, నాలుగో ఏడు నన్ను నేనే బయటపెట్టి గడియ వేసుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తమ్ముడు నవ్వాడు. “అందరం చేసిందే అక్కా. నేను మొదటి ఉద్యోగంలో వేరే ఊళ్లో ఉన్న సర్వరుకి ఇలాగే చేసి బస్సెక్కి వెళ్లొచ్చా. నీది బీరువాలోనే ఉందిగా, కీబోర్డు పట్టుకుని వంగు.” వంగాను. టీవీ చూస్తూ తలుపు తెరిచాను. పెద్దావిడ “ఏమైందీ, దొరికాడా?” అంది. “దొరికింది పెద్దమ్మా, నేనే దొరికాను” అన్నాను.

అదే సమయానికి రికార్డింగు గది తలుపు తెరుచుకుంది. అనౌన్సరమ్మ గోడ పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయింది. పెదాలు బిగించి ఉన్నాయి. జాబితా నా బల్ల మీద పెట్టింది. అందులో పంతొమ్మిది టిక్కులున్నాయి. నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసి వెళ్లిపోయింది. గడియారాలాయన వెనకాలే గొడుగు పట్టుకుని వెళ్లాడు. ఆ రికార్డులు వదిన రెండు చోట్ల దాచింది. ఒక కాపీ నా చేతికిచ్చింది.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లారని కబురొచ్చింది. వదిన ఆసుపత్రికి పోయింది. క్లినిక్ మూసి నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని కొత్తల్లుడి పని పట్టుకున్నాను. రికార్డులన్నీ వాడి కడుపులోకి తిరిగి చేర్చాను. ఒక కాపీ మా ఇంట్లో ఉండే డిస్కుకి వెళ్లేలా పెట్టాను. ఇప్పుడు ఆ కాపీ నుంచి వెనక్కి తెచ్చి చూడాలి. తమ్ముడు చెప్పింది ఒకటే. “తిరిగి తెచ్చి, తెరిచి, చెవితో వింటేనే అది బ్యాకప్. లేకపోతే ఉత్త నమ్మకం.”

విన్నాను. మొదట పాతవి అక్కడక్కడా. మూడు నెలల క్రితం గొంతు. ఖాళీ క్లినిక్‌లో గంట కొట్టినట్టు మోగింది. తర్వాత నిన్నటివి. బొంగురు గొంతు, మధ్యమధ్య ఆయాసం. “తడి తువ్వాలు మంచం మీద.” ఊపిరి. “వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” తిట్టులో తిట్టు ఎక్కడా తగ్గలేదు. “అన్నానికి టైమైతే మాత్రం తెలీదు.” “నా కళ్లజోడు మీద కూర్చున్నది నువ్వే, ఒప్పుకో.” ఒక్కొక్కటీ విని, సైజు చూసి, కాగితం మీద టిక్కు పెట్టాను. పంతొమ్మిది. అయిపోయింది అనుకుని కిందికి చూస్తే ఇంకోటి ఉంది. ఇరవై. జాబితాలో లేనిది.

నొక్కాను. ముందు స్టేషన్లో మోగే మూడు మోతల గంట, నోటితోనే. టింగ్ టాంగ్ టింగ్. తర్వాత ఆవిడ.

“దయచేసి వినండి. తువ్వాళ్ల బీరువాలోని కొత్తల్లుడి అప్‌డేట్లు, ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఉన్నవి. రిసెప్షన్ అమ్మాయి ఎక్కడున్ననూ వెంటనే రావలెను. ఈసారి ఆలస్యమైతే, చింతించబడదు. తన్నబడును.”

నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే ఇంకా ఏదో ఉందని తెలిసింది. రికార్డు ఆగలేదు. లోపల ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు, ఒకటి, రెండు. తర్వాత స్టేషన్ గొంతు కాదు, ఇంట్లో గొంతు.

“నేను తిట్టలేదని ఏడ్చావట. తిట్టాను. ఇంక ఊరుకో.”

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ఆ గడియారం ఇప్పుడు సరైన టైమే చెబుతుంది. ఊళ్లో ఇంకోచోట, సరిగ్గా ఆ నిమిషానికి, ఆ గొంతును తీసేస్తున్నారు. మొగుడి కోసం అట్టేపెట్టుకున్న ఇరవై మాటల్లో ఒకటి తీసి నాకిచ్చింది. దాని కోసం ఆయనకి రావలసిన తిట్టు ఒకటి కొట్టేసింది. నేను బల్ల మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఊరుకోమని చెప్పినా వినలేదు. తర్వాత మొహం కడుక్కుని, ఇరవయ్యో టిక్కు పెట్టాను.

నలభై రోజులకి వాళ్లిద్దరూ వచ్చారు. ఆవిడ చిక్కింది గానీ కళ్లలో కొంటెతనం అలాగే ఉంది. వదిన పలక చేతికిచ్చింది. ఆవిడ టైపు చేసింది. పలక ఆ పాత గంటలాంటి గొంతుతో, ఎంతో మర్యాదగా, “తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దు” అంది. గడియారాలాయన తలూపాడు. “స్టేషన్లో గొంతు. బాగుంది” అన్నాడు. అని నేల వంక చూశాడు.

ఆవిడ నా వంక చూసి కళ్లెగరేసి, పక్కనున్న మీట నొక్కింది. బొంగురు గొంతు లేచింది. “తడి తువ్వాలు మంచం మీద. వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?”

ఆయన ఉలిక్కిపడి లేచి నించున్నాడు. “వెయ్యలేదే!” అన్నాడు గాభరాగా. “ఇవాళ వెయ్యలేదు!” తర్వాత మెల్లగా కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. మళ్లీ ఒకసారి నొక్కమని ఆయనే అడిగాడు.

అది సోమవారం. సరిగ్గా పది గంటలైంది. తువ్వాళ్ల బీరువాలోంచి టింగ్ టాంగ్ టింగ్ అని మోగింది. దయచేసి వినండి, అంది అనౌన్సరమ్మ గొంతు, కొత్తల్లుడి అప్‌డేట్లు ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఉన్నవి. మొదటి ముక్క వరకే కత్తిరించి ప్రతి సోమవారానికీ పెట్టుకున్నాను. రెండో ముక్క నా ఒక్కదానికే.

ఆవిడ తలెత్తి వింది. తన గొంతు తువ్వాళ్ల మధ్యలోంచి రావడం విని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వులో చప్పుడు లేదు. తర్వాత నా వైపు వేలు చూపించి, ఆ వేలినే బీరువా వైపు తిప్పింది.

“వెళ్తున్నానమ్మా, వెళ్తున్నాను” అంటూ లేచాను.